పసుపు రంగు గుండ్రటి బిళ్ళ, పేరు లేదు, ఒకవైపు గీత ఉంది. ఏ మందో చెప్పగలరా?

వేపచెట్టు | మంగళవారం, సాయంత్రం 6:52

అందరికీ నమస్కారం. మా అమ్మ మందుల డబ్బాలో ఉన్న ఒక బిళ్ళ ఏ మందో తెలియక రాస్తున్నాను. గుండ్రంగా, పసుపు రంగులో, కందిగింజ కన్నా కాస్త పెద్దదిగా ఉంది. ఒకవైపు మధ్యలో గీత, రెండో వైపు నున్నగా ఉంది. అక్షరం గానీ అంకె గానీ లేదు. పైన పూత లేదు కాబోలు, పట్టుకుంటే వేలికి లేత పసుపు పొడి అంటుతోంది.

అమ్మకు అరవై నాలుగేళ్ళు. పది రోజుల క్రితం తెనాలి నుంచి హైదరాబాదులో మా ఇంటికి వచ్చింది. కీళ్ళవాతం, బీపీ, థైరాయిడ్ ఉన్నాయి. వేళ్ళు వంకర తిరిగిపోవడం వల్ల స్ట్రిప్పు రేకు నొక్కి బిళ్ళ బయటికి తీయలేదు. అందుకని కొత్త మందులు తెచ్చిన రోజే మా అబ్బాయి చేత బిళ్ళలన్నీ తీయించి చిన్న చిన్న స్టీలు డబ్బాల్లో పోయించుకుంది. ఖాళీ స్ట్రిప్పులు చెత్తబండిలో వెళ్ళిపోయాయి.

బీపీ బిళ్ళ తెల్లది, దానిమీద పేరు ఉంది. థైరాయిడ్ మందు సీసాలోనే ఉంది. పసుపువే రెండు డబ్బాల్లో రెండు రకాలు ఉన్నాయి, ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది. చిన్నవి అయిపోవచ్చాయి, మళ్ళీ కొనాలి. డాక్టరు రాసిన చీటీ ఫోటో మా వారి ఫోనులో ఉంది. ఆయన ఢిల్లీ రైల్లో ఉన్నారు, ఫోను కలవడం లేదు. పైన వర్ణించినది ఆ చిన్న బిళ్ళనే. ఎవరైనా గుర్తుపట్టగలరా?

డాలస్_బాటసారి | 7:04

గీత పక్కన గానీ వెనకవైపు గానీ సన్నటి గుర్తు ఏదైనా ఉందేమో భూతద్దం పెట్టి చూడండి. అమెరికాలో అమ్మే ప్రతి మాత్రమీదా, క్యాప్సూల్‌మీదా ఒక గుర్తు ముద్రించి తీరాలి. 1995 నుంచి ఆ నిబంధన అమల్లో ఉంది. ఆ అక్షరాలు, అంకెలు, రంగు, ఆకారం కలిపి వెతికితే ఏ కంపెనీ చేసిన ఏ మందో, ఎంత మోతాదో కూడా తెలిసిపోతుంది. ఇక్కడ మా అమ్మాయి సోఫా కింద దొరికిన మాత్రను అలాగే రెండు నిమిషాల్లో గుర్తుపట్టాం.

పెరటితోట | 7:09

మీరు చెప్పినదాన్ని బట్టి అది ఫోలిక్ యాసిడ్. సందేహం అక్కరలేదు. మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు నెలల తరబడి తెచ్చాను, అచ్చం అలాగే ఉండేది. చిన్నది, పసుపు, వేలికి పొడి అంటుతుంది. అది విటమినే, భయం లేదు.

వేపచెట్టు | 7:15

చాలా ధన్యవాదాలండీ. భూతద్దంతో చూశాను, గుర్తేమీ లేదు. విటమిన్ అయితే అమ్మ చెప్పినదానికీ సరిపోతోంది. తను "చిన్నది రోజూ, పెద్దది ఆదివారం" అని తెనాలిలో నేర్చుకుంది. రెండేళ్ళుగా అలాగే వేసుకుంటోంది. రాత్రి భోజనం కాగానే వేస్తాను, రేపు పొద్దున ఫోలిక్ యాసిడ్ కొనేస్తాను.

మందులషాపు_ఖమ్మం | 7:18

అమ్మా, ఈ రాత్రికి ఆ పసుపు బిళ్ళ వేయకండి. పెద్దదీ వద్దు, చిన్నదీ వద్దు. ముందు నాకు జవాబులు ఇవ్వండి.

కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి వేసుకునే మందు ఏదైనా ఉందా? "పెద్దది ఆదివారం" అన్నారు కనుక అడుగుతున్నాను. రెండేళ్ళుగా వాడుతున్న కంపెనీవే ఇప్పుడూ తెచ్చారా, హైదరాబాదు షాపులో వేరే కంపెనీవి ఇచ్చారా? ఏ రోజు నుంచి ఈ కొత్త డబ్బాల్లోంచి వేసుకుంటున్నారు? ఒక్కో డబ్బాలో ఇప్పుడు ఎన్ని బిళ్ళలు ఉన్నాయి? చేత్తో లెక్కపెట్టి చెప్పండి. ఆ తరవాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

అన్నిటికన్నా ముఖ్యంగా, అమ్మగారికి నోటిపూత, జ్వరం, గొంతునొప్పి, విరేచనాలు, ఒంటిమీద ఎర్రటి చుక్కలు ఏమైనా ఉన్నాయా?

మీరు మందులు కొన్న షాపుకు అబ్బాయిని పంపండి. వారి కంప్యూటరులో బిల్లు ఉంటుంది. బిల్లులో మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎన్ని ఇచ్చారో అన్నీ ఉంటాయి.

పెరటితోట | 7:21

అన్నగారూ, ఒక విటమిన్ బిళ్ళకు ఇంత కంగారు పెట్టడం అవసరమా? పెద్దావిడ భయపడతారు.

మందులషాపు_ఖమ్మం | 7:24

మీరు చెప్పింది నిజమే అయితే నేను సంతోషిస్తాను. ఫోలిక్ యాసిడ్ ఐదు మిల్లీగ్రాముల బిళ్ళ చిన్నగా, గుండ్రంగా, పసుపుగా ఉంటుంది. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ బిళ్ళ కూడా చిన్నగా, గుండ్రంగా, పసుపుగానే ఉంటుంది. పైగా ఈ రెండూ దాదాపు ఎప్పుడూ ఒకే చీటీమీద ఉంటాయి. ఒకటి రోజూ వేసుకునేది, ఇంకొకటి వారానికి ఒకేసారి వేసుకునేది. తారుమారైతే ప్రాణానికే ముప్పు. ఇరవై రెండేళ్ళుగా కౌంటరులో నిలబడుతున్నాను. స్ట్రిప్పులోంచి తీసేసి పక్కపక్కన పెడితే నేనూ చెప్పలేను.

వేపచెట్టు | 7:41

అబ్బాయి షాపు నుంచి బిల్లు నకలు తెచ్చాడు. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మెథోట్రెక్సేట్ 7.5 మి.గ్రా. పది బిళ్ళలు. ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. ముప్ఫై బిళ్ళలు. కంపెనీలు వేరని షాపు అతను అబ్బాయితో చెప్పాడట, తెనాలిలో వాడే కంపెనీవి వారి దగ్గర లేవట. కొన్నది పోయిన శనివారం కాదు, అంతకు ముందు శనివారం. మర్నాడు ఆదివారం నుంచి వేసుకుంటోంది. నిన్న రాత్రి వరకూ వేసుకుంది.

డబ్బాలు లెక్కపెట్టాను. చిన్నవి మూడు. పెద్దవి ఇరవై ఎనిమిది.

అమ్మకు నాలుగు రోజులుగా నోరు పూసింది. పెదవుల లోపల తెల్లటి పుళ్ళు, కారం తగలనివ్వడం లేదు. వేడి చేసిందని మజ్జిగ, కొబ్బరినీళ్ళు తాగుతోంది. బీ కాంప్లెక్స్ కూడా ఇచ్చాను. ఇవాళ మధ్యాహ్నం నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది, చూస్తే నూట ఒకటి.

మందులషాపు_ఖమ్మం | 7:44

అమ్మా, ఇప్పుడే బయలుదేరి అత్యవసర విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రేపటి వరకూ ఆగవద్దు. బండి లేకపోతే 108కు ఫోను చేయండి.

లెక్క చూడండి. ఆ ఆదివారం నుంచి నిన్న సోమవారం దాకా తొమ్మిది రాత్రులు. అందులో ఆదివారాలు రెండు, మామూలు రోజులు ఏడు. పది మెథోట్రెక్సేట్ కొన్నారు. చిన్న డబ్బాలో మూడు మిగిలాయంటే ఏడు ఖర్చయ్యాయి. ముప్ఫై ఫోలిక్ కొన్నారు. పెద్ద డబ్బాలో ఇరవై ఎనిమిది ఉన్నాయంటే రెండే ఖర్చయ్యాయి. సరిగా వేసుకుని ఉంటే మెథోట్రెక్సేట్ ఎనిమిది, ఫోలిక్ ఇరవై మూడు మిగలాలి. అమ్మగారు తన లెక్క ప్రకారం సరిగానే వేసుకున్నారు. చిన్నది రోజూ, పెద్దది ఆదివారం. తెనాలి కంపెనీలో చిన్నది ఫోలిక్, పెద్దది మెథోట్రెక్సేట్. కొత్త కంపెనీల్లో అది తిరగబడింది.

నేను డాక్టరును కాను. కానీ వారంలో ఒక్కటి వేసుకోవలసినది ఏడు వేసుకున్నారు, నోరు పూసింది, జ్వరం వచ్చింది. డాక్టరుతో మొట్టమొదటి మాటగా "మెథోట్రెక్సేట్ పొరపాటున రోజూ వేసుకుంది" అని చెప్పండి. నోటిపూత, జ్వరం అని మొదలుపెడితే మామూలు జ్వరం వరుసలో కూర్చోబెడతారు. రెండు డబ్బాలూ, బిల్లూ, అమ్మగారు వాడే అన్ని మందులూ సంచిలో వేసుకోండి. కీళ్ళనొప్పులకు వేరే నొప్పి బిళ్ళలు గానీ, ఈమధ్య సల్ఫా యాంటీబయాటిక్ గానీ వాడి ఉంటే అదీ చెప్పండి. అవి ఈ మందును ఒంట్లోంచి పోనివ్వవు.

వేపచెట్టు | 7:47

బయలుదేరుతున్నాం.

పెరటితోట | 7:58

నేను రాసినది చదువుకుంటే చేతులు వణుకుతున్నాయి. ఆ తల్లికి నా మాటమీద ఇంకో బిళ్ళ పడి ఉండేది. నేను చూసిన బిళ్ళకూ ఈ బిళ్ళకూ పోలిక ఉందని చెప్పాలి తప్ప, అదే ఇదని చెప్పకూడదు. పైన రాసిన జవాబు తీసేయను. చదివేవారికి తెలియాలి.

సందేహాలరాణి | 8:10

తెలియక అడుగుతున్నాను. ఫోలిక్ యాసిడ్ దానికి విరుగుడు అంటారు కదా. ఇంట్లో ఇరవై ఎనిమిది ఉన్నాయి. దారిలో నాలుగైదు వేయించవచ్చు కదా?

రసాయనం_మాస్టారు | 8:32

వేయించి సంతృప్తి పడితే మోసం జరుగుతుంది. ఎందుకో చెబుతాను. ముప్ఫై ఏళ్ళు డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పాను.

మనం తినే ఫోలిక్ ఆమ్లాన్ని శరీరం ఉన్నదున్నట్టు వాడుకోలేదు. ఒక ఎంజైము దాన్ని పనికివచ్చే రూపానికి మార్చాలి. ఆ రూపం ఉంటేనే కణం తన డీఎన్ఏను తయారుచేసుకుని రెండుగా చీలుతుంది. మెథోట్రెక్సేట్ వెళ్ళి ఆ ఎంజైము మీదే కూర్చుంటుంది. గేటు దగ్గర మనిషి అడ్డంగా కూర్చున్నాక బయట ఎన్ని బస్తాలు దింపినా లోపలికి పోవు. ఆసుపత్రిలో ఇచ్చేది ఫోలినిక్ ఆమ్లం. పేరులో ఒక్క అక్షరమే తేడా, కానీ అది అప్పటికే మారిన రూపం. ఆ గేటుతో పని లేకుండా లోపలికి చేరుతుంది. త్వరత్వరగా చీలే కణాలు నోటిలోపలి పొరలో, పేగుల్లో, ఎముక మజ్జలో ఉంటాయి. అందుకే మొదట నోరు పూస్తుంది, తరవాత రక్తకణాలు పడిపోతాయి. నోటిపూతను వేడి అనుకోవడం మనందరి ఇళ్ళల్లో ఉన్నదే.

ఇక రెండూ పసుపుగా ఎందుకు ఉన్నాయంటే, అది పైన వేసిన రంగు కాదు. మందు పొడికే ఆ రంగు ఉంది. రెండు అణువుల్లోనూ టెరిడీన్ అనే ఒకే రకం వలయం ఉంటుంది. సీతాకోకచిలుకల రెక్కల్లోని పసుపు వర్ణకాల్లో మొదట దొరికింది కనుక గ్రీకులో రెక్క అనే మాట నుంచి దానికి ఆ పేరు పెట్టారు. ఫోలిక్ అన్న పేరు లాటిన్ భాషలో ఆకు అనే మాట నుంచి వచ్చింది, 1941లో పాలకూర నుంచి వేరుచేశారు. మెథోట్రెక్సేట్ అంటే ఆ ఫోలిక్ ఆమ్లాన్నే రెండు చోట్ల కాస్త మార్చినది. ఎంజైము మోసపోయేది ఆ పోలిక వల్లే. కంటికి పోలిక, ఎంజైముకు పోలిక, రెంటికీ మూలం ఒకటే.

ఈ సంగతి మా ఊరి మనిషితో ముడిపడి ఉంది కనుక చెప్పకుండా ఉండలేను. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. 1945లో ఆయన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దాన్ని కాస్త మార్చి, దాని పనిని అడ్డుకునే మందులను తయారుచేసిందీ వారే. అందులో మొదటివాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను 1947లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు ఉన్న పిల్లలకు ఇచ్చారు. కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. అంతకు ముందు ఆ పిల్లలకు మందంటూ లేదు. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. అమినోప్టెరిన్‌కు తమ్ముడే ఈ మెథోట్రెక్సేట్. అక్కడ క్యాన్సరుకు మొదలైన మందు తరవాత చాలా తక్కువ మోతాదులో, వారానికి ఒకసారిగా, కీళ్ళవాతానికి వచ్చింది. వారానికి ఒకసారి అన్నదే దాని భద్రత.

వార్డులో_రాత్రి | 9:05

ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సును. మాస్టారు చెప్పినది ఎంతో బాగుంది. నేను రెండు మాటలు కలుపుతాను.

చీటీమీద "వారానికి ఒకసారి" అని ఉన్నా, ఇంట్లో అది "రాత్రి ఒకటి" అయిపోతుంది. ఇలా వచ్చినవారిని నేను చూశాను. ఆ అమ్మగారి వేళ్ళు రేకు నొక్కలేవు అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఏ జబ్బుకైతే మందు ఇచ్చామో, ఆ జబ్బే మనిషిని మందు పేరు నుంచి వేరుచేసింది.

ఏ తెలియని బిళ్ళ ఎవరు మింగినా, ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి ఉచిత నంబరు 1800 116 117. రోజంతా పలుకుతారు. మనిషికి బాగాలేకపోతే మాత్రం ముందు ఆసుపత్రి, తరవాతే ఫోను.

వేపచెట్టు | బుధవారం, ఉదయం 10:20

అమ్మ ఆసుపత్రిలో ఉంది. మాట్లాడుతోంది.

రాత్రి మీరు చెప్పినట్టే గుమ్మంలోనే మెథోట్రెక్సేట్ అన్న పేరు చెప్పాను. కూర్చోబెట్టలేదు, వెంటనే లోపలికి తీసుకెళ్ళారు. సీబీపీ రక్తపరీక్షలో తెల్లకణాలు 2,100, ప్లేట్‌లెట్లు 84,000. క్రియాటినిన్ 1.6, అంటే మూత్రపిండాలు కూడా కాస్త నెమ్మదించాయన్నారు. మందు బయటికి పోవలసిన దారి అదేనట. ఫోలినిక్ ఆమ్లం ఇంజెక్షను రాత్రే మొదలుపెట్టారు, ఆరు గంటలకోసారి ఇస్తున్నారు. జ్వరానికి యాంటీబయాటిక్, సెలైను నడుస్తున్నాయి.

డాక్టరు గారు డబ్బాలోని బిళ్ళలను చూసి ఏమీ అనలేదు. బిల్లు, లెక్క చూశారు. మీ లెక్కను ఆ బిల్లు వెనకే రాసి ఇచ్చాను. "ఇది ఎవరు వేశారు?" అని అడిగారు. ఖమ్మంలో ఒక మందుల షాపు అన్నగారు అని చెప్పాను.

ఇంకా రాయలేను. మళ్ళీ వస్తాను.

మందులషాపు_ఖమ్మం | 10:31

రాత్రంతా ఫోను పక్కనే పెట్టుకున్నాను. దేవుడి దయ.

మోకాళ్ళు_పదేళ్ళు | మధ్యాహ్నం 2:15

నాకు కీళ్ళవాతం వచ్చి పదేళ్ళు, అందులో తొమ్మిదేళ్ళు మెథోట్రెక్సేట్. ఈ మందు మీద భయం పుట్టి ఎవరూ మానేయకూడదని రాస్తున్నాను. ఇది లేకపోతే నేను ఈపాటికి మంచంలో ఉండేదాన్ని. నెలకో రెండు నెలలకో సీబీపీ, కాలేయం, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకుంటూ, చెప్పిన రోజున చెప్పినంత వేసుకుంటే మేలు చేసే మందు.

నేను చేసేది చెబుతాను. ఆదివారం మందు మిగతా మందులతో ఒకే చోట ఉండదు. అది బీరువాలో, పసుపు కుంకుమ పెట్టె పక్కన ఉంటుంది. ఆదివారం బీరువా తెరిచి ఒక్కటి తీసి, క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి, అప్పుడు మింగుతాను. ముందు సున్నా, తరవాత నీళ్ళు. వేసుకున్నానో లేదో అన్న అనుమానం వస్తే సున్నా చూస్తాను. సున్నా ఉంటే ఇక ఆ వారం దాని జోలికి పోను.

నా వేళ్ళూ రేకు నొక్కలేవు. చిన్న గిన్నె అంచుమీద స్ట్రిప్పును రేకు కిందికి ఉండేలా పెట్టి, బిళ్ళ ఉన్న బుడిపెమీద చెంచా వెనకభాగంతో నొక్కుతాను. రేకు చిరిగి బిళ్ళ గిన్నెలో పడుతుంది. అరచేతి బలంతో అయిపోతుంది, వేళ్ళతో పని లేదు. మిగిలినవి స్ట్రిప్పులోనే, పేరుతోనే ఉంటాయి.

తొలిచూలు | 3:02

నాకు ఐదో నెల. మా అత్తగారికి మెథోట్రెక్సేట్ నేనే తీసి ఇస్తాను. పర్వాలేదా?

మందులషాపు_ఖమ్మం | 3:10

మీరు ఇవ్వడం మానేయండి తల్లీ, ఇంట్లో ఇంకెవరైనా ఇవ్వాలి. ఇది గర్భానికి హాని చేసే మందు. విరిచినా, పొడి చేసినా ఇంకా ప్రమాదం. ఇంతవరకూ స్ట్రిప్పులోంచి నిండు బిళ్ళ తీసి ఇచ్చినందుకు బెంగ పెట్టుకోవద్దు, ఈసారి పరీక్షకు వెళ్ళినప్పుడు మీ డాక్టరుకు ఒక మాట చెప్పండి. వేపచెట్టు గారి అబ్బాయి బిళ్ళలు తీసినందుకు కూడా భయం లేదు. నిండు బిళ్ళను ఒకసారి తాకి చేతులు కడుక్కుంటే సరిపోతుంది.

డాలస్_బాటసారి | రాత్రి 9:40

నిన్న నేను రాసిన సలహా అమెరికాలో మాత్రమే పనికివస్తుంది. మన దేశంలో మాత్రమీద గుర్తు ఉండాలన్న నిబంధన లేదన్న సంగతి నాకు తట్టలేదు. మూడేళ్ళ క్రితం మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఇదే తంటా పడ్డాం. ఆయన డబ్బాలోని తెల్ల మాత్రలను ఇక్కడి మందుల షాపులో ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం మాత్రల బొమ్మలతో నడిపిన పిల్‌బాక్స్ అనే సేవ కూడా 2021లో మూతపడింది.

రంగును నమ్మడం ఇక్కడా కష్టమే. రక్తం పలచబరిచే వార్ఫరిన్ మాత్ర అమెరికాలో ఐదు మిల్లీగ్రాములదైతే పీచు రంగు, ఒక మిల్లీగ్రాముది గులాబీ. బ్రిటన్‌లో గులాబీ రంగుది ఐదు మిల్లీగ్రాములది. ఒకే మందు, ఒకే రంగు, సముద్రం దాటితే ఐదు రెట్లు తేడా. ఇక్కడికి వచ్చే పెద్దవారు దయచేసి స్ట్రిప్పులతో, చీటీతో రండి.

వార్డులో_రాత్రి | 10:15

మన దగ్గర రంగు ఒక నియమంగా ఉన్న చోటు ఒకటుంది. ప్రభుత్వం పంచే ఐరన్ బిళ్ళలు ఐదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు గులాబీ రంగువి, పది నుంచి పందొమ్మిదేళ్ళ వారికి నీలం, గర్భిణులకూ బాలింతలకూ ఎరుపు. పైన చక్కెర పూత ఉంటుంది. ఆ ఎర్ర బిళ్ళలను చాక్లెట్ అనుకుని గుప్పెడు మింగిన పసివాళ్ళు వస్తారు. ఐరన్ ఎక్కువైతే పిల్లలకు విషమే. తాతగారి చక్కెరజబ్బు బిళ్ళ ఒక్కటి మింగినా పసివాడికి చక్కెర పడిపోవచ్చు, అదీ గంటల తరవాత. ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లో ఉంచకూడదు.

ఇంకొకటి. ఇంట్లో దొరికే ప్రతి బిళ్ళా మందు కాదు. ధాన్యం బస్తాల్లో పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళ బూడిద రంగులో, చూడటానికి పెద్ద మాత్రలా ఉంటుంది. తేమ తగిలితే విషవాయువు వస్తుంది, దానికి విరుగుడు లేదు. అలాంటిది కనిపిస్తే చేత్తో పట్టుకుని వాసన చూడకండి, నీళ్ళు తగలనివ్వకండి. పిల్లలను దూరంగా పంపి కిటికీలు తెరవండి.

మందులషాపు_ఖమ్మం | గురువారం, ఉదయం 8:05

మా వైపు తప్పు కూడా చెప్పాలి. నాలుగు బిళ్ళలు కావాలంటే స్ట్రిప్పు కత్తిరించి ఇస్తాం. పేరు, గడువు తేదీ ఉన్న ముక్క ఒకోసారి మా దగ్గరే ఉండిపోతుంది, పేరు లేని ముక్క మీ ఇంటికి వస్తుంది. కొనేటప్పుడు పేరున్న వైపు నుంచే కత్తిరించమని అడగండి. అది కుదరకపోతే కవరుమీద పేరు, మోతాదు, గడువు రాయించుకోండి. 2023 ఆగస్టు నుంచి మూడు వందల బ్రాండ్ల మందుల లేబుళ్ళమీద క్యూఆర్ కోడు తప్పనిసరి చేశారు. మంచిదే, కానీ అది ఉండేది లేబుల్ మీద. రేకు పారేస్తే అదీ పోతుంది.

కంపెనీ మారినప్పుడు "మందు అదేనండీ" అని ఇచ్చేస్తాం. మందు అదే, బిళ్ళ అది కాదు. పెద్దవారు చదివి వేసుకోరు, చూసి వేసుకుంటారు. ఆకారం, రంగు, గీత కంపెనీవి, మందువి కావు. అది నోటితో చెప్పవలసిన బాధ్యత మాది. యూరప్‌లో ఈ పొరపాట్లు ఆగక, వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ సీసాల్లో కాక స్ట్రిప్పుల్లోనే ఇవ్వాలని 2019లో అక్కడి మందుల సంస్థ సూచించింది. నిన్నటి నుంచి మా షాపులో మెథోట్రెక్సేట్ స్ట్రిప్పుమీద మార్కరుతో "ఆదివారం మాత్రమే" అనో, చీటీలో ఏ రోజు ఉంటే ఆ రోజు పేరో తెలుగులో రాసి ఇస్తున్నాను. కుర్రాళ్ళకూ చెప్పాను.

వేపచెట్టు | పదిహేను రోజుల తరవాత, శనివారం

అమ్మ ఇంటికి వచ్చి వారమైంది. నిన్నటి సీబీపీలో తెల్లకణాలు 5,200, ప్లేట్‌లెట్లు రెండు లక్షల పైన. క్రియాటినిన్ 1.1కి దిగింది. నోరు మానింది. మొన్న ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుని తింది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయి ఏడ్చాను.

మెథోట్రెక్సేట్ ప్రస్తుతానికి ఆపారు. వచ్చే నెల కీళ్ళ డాక్టరు చూసి మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా చెబుతారు. మిగిలిన మూడు బిళ్ళలు ఆసుపత్రి మందుల విభాగంలో ఇచ్చేశాను, చెత్తలో వేయవద్దన్నారు.

అమ్మ ఒకటే మాట అంటోంది, "నేను తప్పు వేసుకోలేదే, చిన్నదే కదా రోజూ వేసుకున్నాను" అని. నిజమే, తను తప్పు వేసుకోలేదు. మా అబ్బాయి కూడా తనవల్లే అనుకుని రెండు రోజులు అన్నం తినలేదు. ఇప్పుడు వాడే రోజూ రాత్రి స్ట్రిప్పు తెచ్చి, పేరు పైకి చదివి, గిన్నెమీద పెట్టి చెంచాతో నొక్కుతాడు. మోకాళ్ళు గారూ, మీ చెంచా మా ఇంట్లో స్థిరపడింది.

పెరటితోట గారూ, మీరు బాధపడవద్దు. మీ జవాబు చూశాకే నేను "చిన్నది రోజూ" అని రాశాను. అది రాయకపోతే ఖమ్మం అన్నగారికి అనుమానం వచ్చేది కాదు.

పెరటితోట | అదే రోజు, రాత్రి 8:20

మీ మంచి మనసమ్మా. అమ్మగారికి నా నమస్కారాలు.

కొత్తసభ్యుడు_నంద్యాల | మర్నాడు, ఉదయం 9:12

ఈ చర్చ చదివి చేరాను. మా ఇంట్లో మంచం కింద ఒక తెల్ల బిళ్ళ దొరికింది. పొడవుగా ఉంది, పేరు లేదు. ఫోటో పెట్టనా?

మందులషాపు_ఖమ్మం | 9:15

ఫోటో తరవాత చూద్దాం. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా? అందరూ మామూలుగానే ఉన్నారా? ఎవరెవరు ఏ మందులు వాడుతున్నారో, ఎప్పుడు ఎన్ని కొన్నారో రాయండి. ఒక్కో స్ట్రిప్పులో ఇంకా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.